ఎనభై అయిదో ఎక్కం

తెలంగాణలో తుర్కపల్లి అనే పేరు ఒక్క ఊరికే పరిమితం కాలేదు కనుక, యాదాద్రి భువనగిరి జిల్లాలో మండల కేంద్రంగా ఉన్న తుర్కపల్లితో ఈ వ్యాసానికి సంబంధం లేదనీ, ఇక్కడ చర్చకు వచ్చేది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో, శామీర్‌పేట దాటాక రాజీవ్ రహదారి మీద, జీనోమ్ వ్యాలీని ఆనుకొని ఉన్న తుర్కపల్లి అనీ ముందే స్పష్టం చేయడం అవసరం. జీనోమ్ వ్యాలీ అంటే టీకాలు, మందులు, జీవశాస్త్ర పరిశోధనలు చేసే సంస్థలన్నీ ఒకచోట చేరిన ప్రాంతం. 1999 నుంచి అది పెరుగుతూ వచ్చిన కొద్దీ ఇక్కడి టీకాలు దేశదేశాలకు పోయాయి, ఈ చుట్టుపక్కల చదువుకున్న పిల్లలు కూడా అలాగే పోయారు, పిల్లల వెనక వాళ్ల తల్లిదండ్రులు పోవడం మొదలుపెట్టారు. మొదటి రెండు ఎగుమతుల మీద నివేదికలకు లోటు లేదు గాని, చల్లటి పెట్టెల్లో కాక మోకాళ్ల పట్టీలతో ప్రయాణం చేసే ఈ మూడో ఎగుమతి మీద శాస్త్రదృష్టి అంతగా పడలేదు.

విశ్రాంత ఉద్యోగి అన్న మాటను విడదీస్తే విశ్రాంతి దొరికినవాడు అని అర్థం వస్తుంది. ఆచారంలో మాత్రం కరెంటు బిల్లు కట్టడానికీ, గ్యాస్ బండ వచ్చినప్పుడు తలుపు తీయడానికీ, పెళ్లిపత్రిక ఇవ్వడానికి వచ్చినవాళ్లతో కూర్చోవడానికీ ఎప్పుడూ ఖాళీగా దొరికేవాడు అని అర్థం. ప్రైవేటు సంస్థలో పనిచేసి 58 ఏళ్లు నిండిన ఇటువంటివాడికి ఆధారం 1995 నవంబరులో అమల్లోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం. ఆ పథకంలో, లెక్కకు తీసుకునే జీతాన్ని పనిచేసిన ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే నెల పింఛను తేలుతుంది. ఆ జీతానికి 2014 సెప్టెంబరు నుంచి 15,000 రూపాయల హద్దు ఉంది కాబట్టి, 35 ఏళ్ల సర్వీసు అంతా ఆ హద్దు మీదే లెక్కకట్టినా 7,500 రూపాయలే చేతికొస్తాయి. కనీస పింఛనైతే 1,000 రూపాయలు. సొంత ఇల్లు, రెండు వేపచెట్లు, బీపీ మాత్రలు ఉన్న మనిషికి తుర్కపల్లిలో ఈ సొమ్ముతో నెల గడవకపోయినా, గడిచినట్టు పక్కింటివాళ్లను నమ్మించడం సాధ్యమే. అదే సొమ్ము విమానం ఎక్కితే ఏమవుతుందన్నదే ఈ వ్యాసం విచారించే విషయం.

ఇందుకు పనికివచ్చే గణిత సాధనం ఎనభై అయిదో ఎక్కం. డాలరు ధర 85 రూపాయలు దాటిపోయినా, నోటిలెక్కకు వీలుగా ఉంటుందని పెద్దలు అక్కడే ఆగుతారు. ఈ ఎక్కానికీ చరిత్ర ఉంది: 1966 జూన్‌లో ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించినప్పుడు డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి ఏడున్నర రూపాయలకు చేరింది కనుక, 1970లలో అమెరికా పోయిన డాక్టర్ల తల్లిదండ్రులకు ఎనిమిదో ఎక్కం వస్తే చాలింది, 1991 నాటి తగ్గింపు తర్వాత ఇరవై అయిదో ఎక్కం, కంప్యూటర్ కుర్రాళ్లు గుంపులుగా విమానాలెక్కిన 2000 ప్రాంతంలో నలభై అయిదో ఎక్కం అవసరమయ్యాయి. బడిలో పంతులు బెత్తం పట్టుకుని నిలబడినా ఇరవయ్యో ఎక్కం దాటనివాడు, అరవై దాటాక, ఎవరూ అడగకుండానే, ఎనభై అయిదో ఎక్కాన్ని కింద నుంచి పైకి కూడా అప్పజెప్పగలగడం వయోజన విద్య సాధించిన గొప్ప విజయంగా గుర్తించదగినది. ఆ ఎక్కం ప్రకారం 7,500 రూపాయల పింఛను 88 డాలర్లకు దిగుతుంది.

ప్రయాణ సన్నాహంలో మొదటి ఘట్టం తాను బతికే ఉన్నట్టు ప్రభుత్వానికి రుజువు చేయడం. దీనికి జీవన ప్రమాణ పత్రం అని పేరు. పథకంలోని పింఛనుదారు దీన్ని ఏడాదిలో ఎప్పుడిచ్చినా ఆ తేదీ నుంచి ఏడాదిపాటు చెల్లుతుంది కాబట్టి, ముందుచూపు గలవాడు విమానం ఎక్కే ముందు ఇచ్చి, అక్కడున్నన్నాళ్లూ బతికున్నట్టే లెక్కలో ఉంటాడు. రెండో ఘట్టం వీసా. చుట్టపుచూపుగా పోయేవాళ్లకు అమెరికా ఇచ్చే బీ-2 వీసా మీద ఒకసారి దిగితే సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. కెనడాలో పిల్లలున్నవాళ్లకు సూపర్ వీసా అనేది ఉంది, దానిపై 2022 జూలై నుంచి ఒక్క విడతలో ఐదేళ్ల దాకా ఉండవచ్చు గాని, లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా చూపించాలి. మూడో ఘట్టం పెట్టెలు సర్దడం. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు అనే పద్ధతిని విమాన సంస్థలు పెట్టాయి. పాత చీర మడతల మధ్య సకినాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, చింతపండును మూడు కవర్లలో చుట్టి, రోజుకు రెండు మాత్రల చొప్పున ఆరు నెలలకు సరిపడా 36 షీట్ల మందులు ఎక్కించాక, చేత్తో వేలాడదీసే త్రాసు 24 కిలోలు చూపిస్తుంది. అప్పుడు బయటికి తీసేది ఎప్పుడూ భర్త స్వెటరే గాని సకినాలు కావు. కొడుకు ఉండే టెక్సస్ చలిలో ఆయన వణకడానికి మూలకారణం వాతావరణం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

టెక్సస్‌లోని డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో తెలుగువాళ్లు ఎంతగా ఉన్నారంటే, గుడి దగ్గర, పచారీ కొట్టు దగ్గర తెలుగు మాట వినపడకపోతేనే ఆశ్చర్యం; ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమంతుడు, ఇర్వింగ్‌లో 2014 అక్టోబరు 2న వెలసిన గాంధీ విగ్రహం కొత్తగా వచ్చిన పెద్దలకు మొదటి పరిచయస్తులు. అయినా ఎక్కం మాత్రం వెంటాడుతుంది. తల మీద మిగిలిన నాలుగు వెంట్రుకలను కత్తిరించినందుకు ఇరవై డాలర్లు తీసుకుంటే, అది 1,700 రూపాయలనీ, నెల పింఛను సరిగ్గా నాలుగు కటింగులకూ పైన ఒక కప్పు కాఫీకీ సరిపోతుందనీ, ఆ లెక్కన వెంట్రుకకు ఎంత పడిందో తేల్చడం తన వల్ల కాదనీ ఆయన గ్రహిస్తాడు. ఈ స్థితికి గుణకార వ్యాధి అని పేరు పెట్టవచ్చు. దీని లక్షణాలు: కొట్లో ఏ వస్తువునూ ధర చీటీ తిప్పకుండా చూడలేకపోవడం, కొడుకు కార్డు గీకిన ప్రతిసారీ తన గుండె దగ్గర ఏదో గీసినట్టు ఉలిక్కిపడటం, చివరికి ఏమీ కొనకుండా బయటికి వచ్చి ఎంతో మిగిలిందని సంతోషించడం. జబ్బు ముదిరినవాళ్లు ఐస్‌క్రీమును కూడా కన్నీళ్లతో తింటారు.

డబ్బు కన్నా పెద్ద దెబ్బ కాళ్లకు తగులుతుంది. తుర్కపల్లిలో రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తితే పల్లెవెలుగు, అంటే ఊరూరా ఆగుతూ పోయే ఆర్టీసీ బస్సు, ఆగుతుంది. అది తప్పితే షేర్ ఆటో ఉంటుంది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం వచ్చాక భార్యకు టికెట్టు కూడా అక్కర్లేదు కాబట్టి, జేబీఎస్ బస్టాండు దాకా ఆమె ఉచితంగా, ఆయన డబ్బులిచ్చి పోవడం అలవాటై, ఇంట్లో అధికార క్రమం ఇప్పటికే కొంత మారి ఉంటుంది. ఫ్రిస్కో సంగతి వేరు: డాలస్ ప్రాంతంలో బస్సులూ రైళ్లూ నడిపే డార్ట్ సంస్థలో ఆ నగరానికి సభ్యత్వమే లేదు. కనుక ముప్పై అయిదేళ్లు ఎవరినీ లిఫ్ట్ అడగని మనిషి, పాల డబ్బా కోసం కొడుకు మీటింగు ఎప్పుడు ముగుస్తుందా అని మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తాడు. రోడ్డు మీద ఎవరైనా కనపడతారేమోనని చెయ్యెత్తి చూసిన పెద్దలూ ఉన్నారు. కార్లోవాళ్లు చిరునవ్వుతో చెయ్యి ఊపి, ఎంత మర్యాదస్తుడో అనుకుంటూ వెళ్లిపోయారు.

మర్యాదల విషయంలో తొలి వారాల్లో ఒక పొరపాటు జరగడం ఖాయం. ఎదురింటి ఆవిడ ‘హౌ ఆర్ యూ’ అని అడిగినప్పుడు, అది ప్రశ్న అనుకుని ఎడమ మోకాలి సంగతి, దానికి వాడిన అమృతాంజనం సంగతి, 1893లో దాన్ని స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు తెలుగువాడన్న సంగతి దాకా ఆయన చెప్పుకుపోతాడు. ఆమె చేతిలోని కుక్క తాడు అప్పటికి మూడుసార్లు చుట్టుకుని ఉంటుంది. అయితే నాలుగో వారానికి ఆయనే ఒక సిద్ధాంతానికి వస్తాడు. తుర్కపల్లిలో సాయంత్రం ఐదింటికి ఎదురుపడినవాడు ‘తిన్నవా సారూ’ అని అడిగితే, తినలేదని చెప్పినంత మాత్రాన ఎవరూ ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టరు. రెండు మాటలూ పలకరింపులే గాని ప్రశ్నలు కావు. ఒకటి కడుపు మీదుగా వస్తుంది, ఒకటి రాదు, అంతే తేడా.

కాలం విషయం ఇంకాస్త జటిలం. టెక్సస్‌కూ తుర్కపల్లికీ ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా ఉంటుంది. కారణమేమిటంటే అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారాలను అధికారికంగా ఒకసారి ముందుకూ, ఒకసారి వెనక్కీ తిప్పుతారు. అరగంట ఆలస్యానికి హాజరు పట్టీలో ఎర్ర గీత పడే ఉద్యోగం చేసివచ్చిన మనిషికి, రాష్ట్రమంతా కలిసి గంట మేర జంకూ గొంకూ లేకుండా అబద్ధమాడటం మింగుడు పడదు. అందువల్ల ఆయన చేతి గడియారాన్ని తుర్కపల్లి టైముకే ఉంచి, అర్ధరాత్రి లేచి ఊళ్లో కరెంటు ఉందో పోయిందో ఫోన్‌లో కనుక్కుని, నిశ్చింతగా పడుకుంటాడు.

పరాయి సంస్కృతితో అసలు యుద్ధం వంటింట్లో జరుగుతుంది. నూనె కాగి, ఆవాలు చిటపటలాడి, ఎండుమిరపకాయ రంగు మారుతున్న ఆ ఘడియలో పైకప్పుకున్న స్మోక్ అలారం, అంటే పొగ తగిలితే నిప్పంటుకుందని కేకపెట్టే పరికరం, ఇల్లు లేచిపోయేటట్టు అరుస్తుంది. కొడుకు కిటికీ తీస్తాడు, కోడలు తుండుగుడ్డ విసురుతుంది, పెద్దాయన కుర్చీ ఎక్కబోతే ఇద్దరూ కలిసి ఆపుతారు, పెద్దావిడ మాత్రం పోపు మాడకుండా చారు గిన్నెలోకి వంచి, ఇంత చేసీ కరివేపాకు లేదే అని నిట్టూరుస్తుంది. లేకపోవడానికి కారణం ఉంది. నిమ్మ, నారింజ జాతి చెట్లను నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ అనే తెగులును మోసే పురుగు కరివేప చెట్టు మీద కూడా బతుకుతుంది కనుక, పచ్చి కరివేపాకును భారతదేశం నుంచి పెట్టెలో తీసుకురావడాన్ని అమెరికా నిషేధించింది. తుర్కపల్లి కూరగాయల బండి మీద కొసరుగా, అంటే కొన్న సరుకు పైన ఊరికే వేసే పిడికెడుగా, వచ్చే ఆ ఆకు అక్కడ చిన్న ప్యాకెట్టు రెండు డాలర్లకు అటూ ఇటూగా అమ్ముడవుతుంది.

ఎక్కంలోని లోపం ఇక్కడే బయటపడుతుంది. సున్నాను ఎనభై అయిదుతో గుణిస్తే సున్నాయే రావాలి. కాని ఊళ్లో ధరే లేని కరివేపాకు అక్కడ 170 రూపాయలైంది. ఈ లోపం ఆకుకే పరిమితం కాదు. ఊళ్లో కూరలో కరివేపాకులా పక్కన పెట్టేసిన విశ్రాంత ఉద్యోగి అక్కడ దిగిన మర్నాటి నుంచి మనవరాలికి కాపలా, కథకుడు, గుర్రం అవుతాడు. అదే పిల్లను డేకేర్‌లో, అంటే పగటిపూట పసివాళ్లను చూసుకునే చోట, వదిలితే నెలకు వెయ్యి డాలర్లు దాటడం మామూలే. 88 డాలర్ల పింఛనుతో వచ్చినవాడు తన చాకిరీ ధర నెలకు 85,000 రూపాయలకు తగ్గదని తేలిన రోజున నడుము కొంచెం నిటారుగా పెట్టి నడుస్తాడు. ఈ విషయం కొడుకుతో అనడు, భార్యతో అంటాడు. ఆమె, వంటకు ఎంత పడుతుందో కూడా లెక్కకట్టమంటుంది. ఆ తర్వాత ఆయన ఆ ప్రస్తావన తేడు.

దీనికి ఎదురు దిశలో ప్రయాణించే వర్గమూ ఉంది. అమెరికాలో పనిచేసి రిటైరై, శామీర్‌పేట చుట్టుపక్కల విల్లాల్లో స్థిరపడటానికి వచ్చినవాళ్లకు అక్కడి ప్రభుత్వ పింఛనైన సోషల్ సెక్యూరిటీ అందుతుంది. దానికి కనీసం పదేళ్ల పని కావాలి, 2024 ఆరంభంలో దాని సగటు నెలకు 1,900 డాలర్లు. అక్కడ సామాన్యమనిపించే ఈ సొమ్ము ఇక్కడ లక్షా అరవై వేలు దాటుతుంది కాబట్టి, వీళ్లకు పట్టేది భాగహార వ్యాధి. కొబ్బరిబొండం యాభై రూపాయలంటే ‘అరవై సెంట్లేనా’ అని పైకి అనేస్తారు. మర్నాటికి బొండం డెబ్బై అవుతుంది, వెనక నిలబడ్డ ఊరివాళ్లకూ డెబ్బై అవుతుంది, ఇక పలకరింపులు తగ్గుతాయి. ప్లంబరు చెప్పిన ‘ఐదు నిమిషాలల్ల వస్త సార్’ అన్న మాటకు గడియారంతో సంబంధం లేదని తెలుసుకోవడానికి వీళ్లకు ఒక వర్షాకాలం పడుతుంది. ఆరోగ్య బీమాలో మాత్రం రెండు వర్గాలూ సమానమే: అమెరికా పెద్దల బీమా అయిన మెడికేర్‌ను, ఎన్నడూ అక్కడ పనిచేయని తల్లిదండ్రులు గ్రీన్‌కార్డు మీద ఐదేళ్లు వరసగా ఉంటే తప్ప డబ్బు కట్టి కూడా పొందలేరు, అది చేతిలో ఉన్నవాళ్లకు సాధారణంగా ఆ దేశం బయట పనిచేయదు. ఆ విధంగా మెడికేర్ రానివాడూ, వచ్చినా పనికిరానివాడూ తుర్కపల్లి టీకొట్టు బల్ల మీద పక్కపక్కన కూర్చుని ఒకే అమృతాంజనం సీసా మార్చుకుంటారు.

పరాయి సంస్కృతికి అలవాటు పడటమంటే గుణించడం మానేయడమేనన్న అభిప్రాయం ఉంది గాని, పరిశీలనలో అది నిలవదు. ఆరు నెలలు నిండి తిరిగి వచ్చినవాడు ఎక్కాన్ని మరిచిపోడు, దాన్ని ఎక్కడ వాడాలో మాత్రం నేర్చుకుంటాడు. వచ్చిన వారానికి ఆయన రోడ్డు పక్క బండి దగ్గర టమాటాల మీద ఐదు రూపాయలు తగ్గించమని పావుగంట బేరమాడతాడు. ‘అమెరికా పోయొచ్చి గింత పీనాసైతివేంది సారూ’ అంటూ కూరగాయలమ్మే ఆమె ఐదు రూపాయలూ తగ్గించి, అలవాటు చొప్పున పిడికెడు కరివేపాకు సంచిలో పడేస్తుంది. ఆయన సంచిలోకి తొంగిచూసి, పెదాలు కదిలించి, రెండు ఎనభై అయిదులు నూట డెబ్బై అనుకుని, తగ్గించిన ఐదు రూపాయలను తిరిగి ఆమె చేతిలో పెట్టి చకచకా నడిచిపోతాడు. అటు పోయొచ్చినోళ్లకు లెక్కలు రావని ఆమె పక్క బండివాడితో అంటుంది.