కుక్కరందె పప్పు: టీకా తాత్పర్య సహితం

మూలం

జ్వరము తగ్గెఁ గాని సత్తువ రాలేదు
కుక్కరందె పప్పు కూడి యుడుకు
కూర యేదటంచుఁ గొసరకుఁడీ పూట
నెయ్యి చాలు నంజ నిమ్మకాయ

అవతారిక

వానాకాలపు వైరల్ జ్వరంతో ముసుగుతన్ని పడుకుని, పారాసిటమాల్ బిళ్ళల మీద గట్టెక్కిన ఒక ఇల్లాలు, సాయంత్రం ఏడింటికి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి చెప్పిన పద్యమిది. జ్వరం ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో భోజనాలు ఎలా జరిగాయన్నది పూర్వకథ: హోటల్ పార్శిళ్ళు, పక్కింటివాళ్ళ సాంబారు, మధ్యలో బ్రెడ్డు. థర్మామీటరు 98.4 చూపించిన మరుక్షణం ఆ ఏర్పాట్లన్నీ రద్దయ్యాయి. ఒంట్లో జ్వరం తగ్గడం వేరు, ఇంట్లోవాళ్ళ లెక్కలో తగ్గడం వేరు. ఈ రెంటికీ నడుమ వచ్చే రాత్రి భోజనాలే ఈ పద్యానికి విషయం.

ఇక వ్యాఖ్య సంగతి. కాళిదాసు కావ్యాలకు టీక రాసిన మల్లినాథసూరి ఊరు మెదక్ జిల్లా కొల్చారం, అంటే పాత కోలాచలం. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందనీ, దాన్ని మళ్ళీ బతికించడానికే రాస్తున్నాననీ చెప్పి ఆయన తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ఇక్కడ మూర్ఛపోయింది వాక్కు కాదు, వంటమనిషి. ఈ వ్యాఖ్యకు ‘పథ్యప్రదీపిక’ అన్న పేరు చాలు. ఆధారం లేనిదీ అక్కర లేనిదీ రాయనని కూడా మల్లినాథుడు మాటిచ్చాడు. మొదటి సగం నేనూ పాటిస్తాను.

ప్రతిపదార్థం

జ్వరము తగ్గెన్ + కాని = జ్వరమైతే తగ్గింది గానీ; సత్తువ = ఒంట్లో బలము; రాలేదు = ఇంకా తిరిగి రాలేదు; కుక్కరు + అందె = కుక్కరులోనే; పప్పు = పెసరపప్పు; కూడి = (బియ్యముతో) కలిసి; ఉడుకు = ఉడుకును; ఈ పూట = ఈ రాత్రికి; కూర + ఏది + అటంచున్ = కూర ఏదీ అంటూ; కొసరకుఁడు = అడక్కండి; నంజన్ = నంజుకోవడానికి; నిమ్మకాయ = నిమ్మకాయ ఊరగాయ; నెయ్యి చాలు = దానికి తోడు నెయ్యి ఉంటే చాలు.

‘బియ్యముతో’ అన్నది అధ్యాహారం. బియ్యం మాట ఎత్తకుండా రాత్రి భోజనం గురించి పద్యం చెప్పగలగడం తెలుగిళ్ళలోనే సాధ్యం. అన్నం లేకుండా భోజనమేమిటన్న నమ్మకం ఎంత గట్టిదో, దాన్ని పద్యంలో విడిగా చెప్పాల్సిన పని అంత తక్కువ.

ఛందస్సు

ఆటవెలది. కందమైతే నాలుగు పాదాల్లోనూ ప్రాస కుదరాలి, ఉత్పలమాలకైతే ప్రాసతో పాటు పాదానికి ఇరవై అక్షరాల ఊపిరి కావాలి. ఆటవెలదికి ప్రాస నియమం లేదు. నీరసంగా ఉన్నవాళ్ళు ఎంచుకోదగ్గ వృత్తమిదే అని వేరే చెప్పాలా? (వృత్తం కాదు, ఉపజాతి అని లాక్షణికులు సవరిస్తారు. ఒంట్లో బాగుంటే మనమూ సవరించుకునేవాళ్ళం.) మొదటి పాదంలో ‘జ్వ’కూ ‘స’కూ యతి. జ్వరానికీ సత్తువకూ మైత్రి కుదిరింది ఛందస్సులో ఒక్కచోటే.

‘సత్తువ రాలేదు’

సత్తువ అంటే ఇక్కడ ఏ సత్తువ? నడిచే సత్తువ ఉంది, గుమ్మందాకా వచ్చింది కదా. ఫోను ఎత్తే సత్తువ కూడా ఉంది; ఆ సంగతి అత్తగారు గమనించారు. లేనిదల్లా నిలబడే సత్తువ, పట్టు బిగించే సత్తువ. 2005-06లో చికున్‌గన్యా మన జిల్లాలను చుట్టేసినప్పుడు ఈ తేడా ఇంటింటికీ తెలిసొచ్చింది. జ్వరం కొద్దిరోజుల్లో పోయేది. కీళ్ళ నొప్పులు వారాలు, కొందరికి నెలలు ఉండిపోయేవి. లోటా ఎత్తితే మణికట్టు కలుక్కుమనేది, కత్తి పిడి మీద వేళ్ళు ముడుచుకునేవి కావు. అంచేత ఆ ఇళ్ళలో సులువైన వంటంటే తక్కువ దినుసుల వంట కాదు. తరిగే పని లేని వంట, పొయ్యి దగ్గర కాపలా కాయక్కర్లేని వంట. ఈ నిర్వచనం పట్టుకోకపోతే పద్యంలో మిగతాదేదీ బోధపడదు.

‘కుక్కరందె’

చివరి ఎకారం అవధారణార్థకం. కుక్కరులోనే, మరెక్కడా కాదు. మూకుడు, పెనం, మిక్సీ జారు మూడూ నిషిద్ధాలు. దీని మీద పూర్వపక్షం బలంగా ఉంది.

మొదటి పూర్వపక్షి: “పిండి ఉందిగా, నాలుగు అట్లు పోసెయ్యి.” చూడ్డానికి ఇంతకంటే సులువైనది లేదు. కానీ అట్టు ఒక్కొక్కటే దిగుతుంది. నలుగురు తింటే పది అట్లు, పదీ అయ్యేదాకా పెనం ముందు నిలబడాలి, చివరి రెండూ పోసినావిడే చల్లారాక తినాలి. జ్వరం నుంచి లేచిన మనిషికి ఇది వంట కాదు, శిక్ష. ఈ వాక్యం పలికినవారే పెనం ముందు నిలబడితే మాత్రం వాదం గెలిచినట్టే. వ్యాఖ్యాతకు అభ్యంతరం లేదు.

రెండో పూర్వపక్షం ఉప్మా. ఉల్లిపాయ తరగాలి, రవ్వ పోస్తూ ఉండ కట్టకుండా కలుపుతూనే ఉండాలి. పైగా రాత్రిపూట ఉప్మా పెడితే తొమ్మిదిన్నరకు ఫ్రిజ్ తలుపు చప్పుడవుతుంది. త్రోసివేయడమైనది.

మూడోది తెలంగాణ నుంచి వచ్చింది, దీన్ని తేలిగ్గా తీసేయలేం. పచ్చిపులుసు! చింతపండు నానేసి పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, కాస్త బెల్లం కలిపితే అయిపోయింది. పోపు పెడితే మరీ మంచిది, పెట్టకపోయినా పులుసే. పొయ్యి వెలిగించక్కర్లేని వంటకాన్ని ఎదిరించి నిలబడే తర్కం నా దగ్గర లేదు. దగ్గు తగ్గనివాళ్ళకు పులుపు వద్దని పెద్దలు గునుస్తారు కాబట్టి ఇది పేషెంటుకు కాక మిగతావాళ్ళకు. పిసికే చెయ్యి జ్వరం రాని మనిషిది కావాలి.

ఇక కుక్కరు పక్షాన శాస్త్రం. దీనికి ద్రష్ట 1679 నాటి ఫ్రెంచివాడు డెనిస్ పాపిన్. మూత బిగించిన పాత్రలో ఆవిరిని బంధించి ఎముకలను కూడా మెత్తబరిచాడు, పేలిపోకుండా రక్షక కవాటం కూడా ఆయనే పెట్టాడు. మన కుక్కరు మీద కూర్చునే వెయిట్ లోపలి ఒత్తిడిని బయటి గాలికి రెట్టింపు చేస్తుంది. అప్పుడు నీళ్ళు 100 దగ్గర కాక 120 డిగ్రీల దాకా వెళ్ళి గానీ మరగవు. ఇల్లాలికి కావలసింది ఆ ఇరవై డిగ్రీలు కావు. స్టవ్ కట్టేశాక ఆవిరి దిగేదాకా లోపల వంట సాగుతూనే ఉంటుంది, ఆ పది నిమిషాలూ మంచం మీద వాలొచ్చు. పడుకుని వండగల సాధనం మన వంటింట్లో ఇదొక్కటే.

‘కూడి’

ఇక్కడ వ్యాఖ్యాతలు మూడుగా చీలారు.

ద్వైతుల మతంలో బియ్యం వేరు, పప్పు వేరు. కుక్కరు ఒక్కటే అయినా గిన్నెలు రెండు, ఒకదాని మీద ఒకటి. దీంతో ముద్దపప్పు విడిగా చేతికొస్తుంది, పిల్లలు ఆవకాయ కలుపుకుంటారు. విశిష్టాద్వైతులు కుక్కరులోనే నేరుగా బియ్యం పోసి, నడుమ చిన్న గిన్నెలో పప్పు పెట్టి కూర్చోబెడతారు. అద్వైతులకు భేదమే లేదు: గ్లాసు బియ్యం, అరగ్లాసు పెసరపప్పు, కడిగి, ఐదు గ్లాసుల నీళ్ళు, ఉప్పు, పసుపు, జీలకర్ర, నాలుగు మిరియాలు, ఓపికుంటే చితక్కొట్టిన అల్లం ముక్క. మూడు విజిల్స్.

అద్వైతానికి దేశమంతా సాక్ష్యముంది. రాయలసీమలో పొట్టు పెసరపప్పుతో చేసి పులగమంటారు, పల్లీల పచ్చడితో తింటారు. హైదరాబాదు వాళ్ళు మసూర్ పప్పుతో కిచిడీ చేసి పుల్లటి ఖట్టాతో ఉదయం పూటే ముగిస్తారు. కోస్తాలో మిరియాలూ నెయ్యీ కాస్త ఎక్కువ పడితే కట్టెపొంగలి అయిపోయి, గుడికి కూడా వెళుతుంది.

కందిపప్పు కూడదా అంటే కూడదని కాదు. అది మెత్తబడేలోగా బియ్యం సంకటి అవుతుంది. పొట్టు తీసిన పెసరపప్పుకు నానబెట్టే పనీ లేదు, అరగడానికీ తేలిక. పథ్యంలో దానిదే పెద్దపీట.

ఏది సిద్ధాంతం? రుచి లెక్కన ద్వైతం, అంట్ల లెక్కన అద్వైతం. జ్వరం తగ్గిన మొదటి రెండు మూడు రోజులకు అద్వైతమే అని ప్రదీపిక మతం.

ఒక చిక్కు మిగిలింది. ఒకే కుక్కరు చుట్టూ రెండు రకాల ఆకళ్ళు కూర్చుంటాయి. పేషెంటుకు పలచగా కావాలి. శార్ఙ్గధర సంహిత ఈ పలచదనానికి కూడా కొలతలు పెట్టింది: బియ్యానికి 14 రెట్ల నీళ్ళు పోస్తే మండం, 6 రెట్లకు యవాగువు, 4 రెట్లకు విలేపి. కోలుకున్నకొద్దీ పలచన నుంచి చిక్కనకు రావాలన్నది పాత వైద్యుల మాట. పిల్లలకు ఈ మెట్లేమీ అక్కర్లేదు, వాళ్ళకు జ్వరం రాలేదు, ఆకలేసింది. అంచేత మూత తీయగానే పేషెంటు వంతు ముందే తీసి, వేడినీళ్ళు పోసి గరిటెతో మెదిపి జావ చేసుకోవాలి. మిగిలినదాని మీద నెయ్యిలో జీడిపప్పు, కరివేపాకు పోపు పెడితే అదే పిల్లలకు పొంగలి. ఇంకా చాలదంటే కుక్కరు ఎక్కించక ముందే పక్క పొయ్యి మీద గుడ్లు పడేయాలి. కాల్చిన అప్పడం చదువుకునే పిల్లాడు కూడా కాల్చగలడు.

‘ఉడుకు’

వ్యాకరణ విశేషం. ఉడుకు అకర్మక క్రియ. పప్పు ఉడుకుతుంది, అంతే. ‘ఉడికించెదను’ అని ఇల్లాలు అనలేదు. యతికి ఇబ్బంది వచ్చి కాదు, ఇంట్లోవాళ్ళ భాషే ఆమె వాడింది. వాళ్ళ దృష్టిలో అన్నం అవుతుంది, పాలు తోడుకుంటాయి, బట్టలు ఆరతాయి. కర్త ఎక్కడా కనపడడు. బియ్యం డబ్బా కింది అరలో ఉంటుంది, వంగి తీయాలి. ఐదు గ్లాసుల నీళ్ళు నిండిన కుక్కరును ఎత్తి స్టవ్ మీద పెట్టాలి. గాస్కెట్ ఎక్కడ ఆరబెట్టారో వెతకాలి. విజిల్స్ లెక్కపెట్టాలి. వీటన్నిటికంటే ముందు ఈ రాత్రికి ఏం వండాలో ఒకళ్ళు ఆలోచించాలి. ఒళ్ళు తూలుతున్నప్పుడు అన్నిటికన్నా బరువైనది ఈ చివరిదే. “ఏదో ఒకటి చెయ్యి, ఏదైనా పర్లేదు” అన్నవాళ్ళు తాము సాయం చేశామనుకుంటారు. ఆ ఏదో ఒకటి ఏదో చెబితే నిజంగా సాయం.

‘కూర యేదటంచుఁ గొసరకుఁడు’

కావ్యానికి ప్రాణం ఈ పాదం. వంటకం మూడు విజిల్స్‌లో తేలిక చేశారు. తినేవాళ్ళను ఎవరు తేలిక చేస్తారు? ఆ పూట వంట సులువో కాదో కుక్కరు చేతిలో ఎంత ఉందో కంచం ముందు కూర్చున్నవాళ్ళ చేతిలో అంతకంటే ఎక్కువ ఉంది. “ఇంతేనా?” అన్న ఒక్క మాటతో ఐదు నిమిషాల పని ముప్పావుగంట అవుతుంది. ఆ మాట వినగానే ఆవిడ లేచి రెండు బంగాళదుంపలు తరుగుతుంది. తరగకుండా ఉండలేదు, అదింకో జబ్బు, దానికి పారాసిటమాల్ లేదు.

కొసరకుఁడు బహువచనమే గానీ సంబోధన లేదు. అందువల్ల వ్యాఖ్యానాలు పుట్టాయి. ఇది పిల్లలను ఉద్దేశించిందని వాళ్ళ నాన్నగారు. నాన్ననే అని పిల్లలు. అత్తగారి మతం ప్రకారం ఇది ఆవిడకు వర్తించదు, ఆవిడ ఎప్పుడూ కూర అడగలేదు, తమ రోజుల్లో జ్వరం తగ్గిన నాడు బీరకాయ కూరతో పథ్యం పెట్టేవారని మాత్రమే అన్నారు.

‘నంజ నిమ్మకాయ’

జ్వరం వదిలాక నోరు చేదు. పాత నిమ్మకాయ ఊరగాయ నాలిక మీద పడితే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి. ‘చింతకాయ’ అని పాఠాంతరం ఉంది. పాత చింతకాయ పచ్చడి పథ్యానికి పెట్టింది పేరు, గణాలూ సరిపోతాయి, కానీ ‘నె’కు ‘చిం’తో యతి కుదరదు. ‘ఆవకాయ’ పాఠానికీ అదే దోషం. గణభంగం లేదు, యతిభంగం ఉంది, కారం వల్ల మర్నాటి పొద్దుటికి మరో భంగం కూడా ఉండొచ్చు.

తాత్పర్యం

జ్వరం తగ్గింది గానీ ఒంట్లో ఓపిక లేదు. కుక్కరులో పప్పూ బియ్యం కలిపి పడేశాను. కూర లేదు, అడక్కండి. నెయ్యి వేసుకుని నిమ్మకాయ నంజుకు తినండి.

గ్రంథపాతం

దొరికిన ప్రతుల్లో పద్యం ఇక్కడితో ఆగింది. కుక్కరు ఎవరు తోమాలన్న సంగతి చెప్పే పాదాలు ఉండి ఉండాలి, చెదలు తిన్నాయి. ఆ ఖాళీని ఇంటాయన ఒకే మాటతో పూరించారు: “నానబెట్టాను.”