వాగును పాస్ చేయించడమెలా?

మీ ఊరి పక్కన వాగుందా? అది ఆరోగ్యంగా ఉందని ఓ కాగితం కావాలా? దిగులు పడకండి. వాగును బాగుచేయడం కష్టంగానీ పాస్ చేయించడం చాలా తేలిక. ఆ విద్యలో మనవాళ్లు ఆరితేరి చాలా కాలమైంది.

ముందు ముహూర్తం చూసుకోవాలి. తెల్లవారుజామున మాత్రం వాగు దరిదాపులకు పోవద్దు. రాత్రంతా నాచూ బాక్టీరియా కలిసి నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. పొద్దు పొడవకముందు దాని మోతాదు అతి తక్కువగా ఉంటుంది. కాబట్టి భోంచేసి, కాసేపు నడుం వాల్చి, ఏ రెండింటికో బయల్దేరండి. ఆ ఎండకు నాచు ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది. మురుగు తిని నాచు ఎంత బలిస్తే ఆ పూటకు అన్ని మార్కులు! వాగు ఆకుపచ్చగా కనిపిస్తోందని ఎవరైనా అడిగితే, పచ్చదనం పెంచుతున్నామని చెప్పండి.

తర్వాత చోటు. ఫ్యాక్టరీ గొట్టం కలిసేచోటికి పైన ఒక సీసా నింపండి, కింద వద్దు. వాన పడిన మర్నాడైతే మురుగు పలచబడి ఇంకా శ్రేష్ఠం. కూకట్‌పల్లి ధరణీనగర్‌లో మాత్రం ఈ చిట్కా పనిచేయదు. అక్కడ వానొస్తే నాలా నురగై వీధిలోకి వచ్చి తన రిపోర్టు తానే ఇస్తుంది.

పత్రికలవాళ్లొస్తే పీహెచ్ చెప్పండి. ఏడు చుట్టుపక్కల ఉందంటే అందరూ తలూపుతారు. ఇళ్లనుంచి వచ్చే డ్రైనేజీ నీళ్ల పీహెచ్ కూడా ఏడు చుట్టుపక్కలే ఉంటుందని ఎవరూ అడగరు.

అయినా గట్టెక్కకపోతే తరగతి మార్చండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లను ఏ నుంచి ఇ దాకా ఐదు తరగతులు చేసింది. 'ఏ' తరగతికి లీటరుకు 6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి, బీవోడీ, అంటే మురుగును కుళ్లబెట్టడానికి బాక్టీరియా వాడుకునే ఆక్సిజన్, 2 దాటకూడదు. చేపలూ వన్యప్రాణులూ బతికే డి తరగతికి ఆక్సిజన్ 4 ఉంటే చాలు. సాగునీటికిచ్చే ఇ తరగతిలో ఆ ప్రశ్నే లేదు. ఆక్సిజన్ అడగరు, బీవోడీ అడగరు, కోలిఫాం అడగరు. పీహెచ్, లవణాలు, బోరాన్ సరిపోతే చాలు. ఊపిరాడని వాగుకు కూడా సీటు దొరికే తరగతి అది.

ఇంకా నమ్మనివాళ్లుంటే చేపలు చూపించండి. దోమల నివారణకని వదిలిన గంబూసియా, ఎక్కడైనా సర్దుకుపోయే తిలాపియా, గాలి పీల్చి బతికే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్. గంబూసియా నీటి పైపొరలో మిగిలిన కాస్త ఆక్సిజన్‌తో కాలక్షేపం చేస్తుంది. వాటిని చూసి 'జీవకళ ఉట్టిపడుతోంది' అని రాయడానికి పెద్ద కవి అక్కర్లేదు.

ఒక్క పని మాత్రం పొరపాటున కూడా చేయొద్దు. వాగులో రాయి తిరగేయొద్దు.

సీసాకు తెలిసేది అది నిండిన క్షణం ఒక్కటే. రాయి కింద పురుగులు వారాలు, నెలలు అక్కడే కాపురముంటాయి. మొన్న అర్ధరాత్రి ఎవరో ట్యాంకర్ వ్యర్థాలు వదిలిన సంగతి వాటి ఒంటికి తెలుసు. బ్రిటన్‌లో 1976లో ఇందుకోసమే ఒక బృందాన్ని వేసి, ఏ పురుగుల కుటుంబానికి ఎన్ని మార్కులో లెక్క కట్టారు. శుభ్రమైన నీళ్లు తప్ప ఒప్పుకోని కొన్ని మేఫ్లై, స్టోన్‌ఫ్లై కుటుంబాలకు 10. ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండి ఆక్సిజన్ కరువును తట్టుకునే ఎర్రపురుగుల కుటుంబానికి 2. బురదలో బతికే వానపాముల చుట్టాలకు 1. ఈ పద్ధతిని మన కేంద్ర మండలి కూడా మన నదులకు తగ్గట్టు మలచుకుంది. కావలసింది ఒక వల, ఒక తెల్లటి పళ్లెం, ఒక భూతద్దం. ఇంత చవక సామానుకు టెండర్ ఏం పిలుస్తారు? అందుకే ఆ పద్ధతి చాలాచోట్ల పుస్తకంలోనే క్షేమంగా ఉంది.

రాళ్ల బెడదే వద్దనుకునేవాళ్లకు ఇంకా గట్టి మార్గముంది. వాగుకు రెండువైపులా గోడ లేపి, అడుగున కాంక్రీటు పోసేయడం. రాయే లేనప్పుడు కింద ఏముందని అడిగేదెవరు? ఒడ్డు చెట్లు పోయి నీళ్లు వేడెక్కుతాయి, మడుగులు పోయి మిగిలిన పురుగూ పోతుంది, రంగు దీపాలొస్తాయి. మూసీ నదిని బాగుచేసే పేరు చెప్పి 2024లో మన బృందాలు సియోల్ వెళ్లి చూసొచ్చిన వాటిలో 2005లో తెరిచిన చంగ్‌గ్యేచన్ వాగు ఒకటి. అందంగానే ఉంటుంది. అందులో పారే నీళ్లలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి రోజూ మోటార్లతో తోడిపోసేవే. మోటారు ఆపితే వాగూ ఆగుతుంది. మనం ఫొటో తెచ్చుకున్నాం, కరెంటు బిల్లు తెచ్చుకోలేదు.

నిజంగా తెలుసుకోవాలని ఉంటే దారి కష్టమేం కాదు. పొద్దు పొడవకముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలవండి. గొట్టానికి పైనా కిందా నీళ్లు తీయండి. ప్రతి రుతువులో అదే చోట రాయి తిరగేసి, పళ్లెంలో ఏం పడిందో పంచాయతీ గోడకు అంటించండి. బడిపిల్లలు చాలు ఈ పనికి.

అలా చేస్తే వాగు ఫెయిలవుతుందని అధికారుల బెంగ. వాగుకేం, కొండమీద పుట్టిన రోజే అది పాసైంది. ఫెయిలయ్యేది గొట్టం పెట్టినవాడు, దానికి అనుమతిచ్చినవాడు, సీసా చూసి సంతకం చేసినవాడు. అందుకే కాబోలు, ప్రశ్నపత్రం కూడా వాళ్లే తయారుచేసుకుంటున్నారు.