మొదటి గడి: ఒక కంప్యూటరు ఆత్మకథ

హనుమకొండ చౌరస్తా సమీపమున, బస్సుల రొద యెన్నడును సద్దుమణగని వీధిలో, పది అడుగుల వెడల్పు గల యొక ఇంటర్నెట్ కేంద్రమునందు, గోడకు వెన్నుచేర్చి వరుసగా కూర్చున్న మూడు కంప్యూటర్లలో నడిమిదానను నేను. నా అవయవములు వేర్వేరు దేశములలో పుట్టి, హైదరాబాదులో నొక్కటిగా బిగింపబడి, 2012వ సంవత్సరపు వేసవిలో ఆర్టీసీ పార్సిలుగా ఈ ఊరు చేరినవి. నాటినుండి రెండు పర్యాయములు నా హార్డ్‌డిస్కు మారినది; ఎంటర్ మీటపై అక్షరములు వ్రేళ్ల రాపిడికి పూర్తిగా చెరిగిపోయినవి. ఇంత సామాన్యమైన జీవితమునకు ఆత్మకథ యేల యని మీరడుగవచ్చును. ఏటేట జ్యేష్ఠాషాఢ మాసములలో, ఓరుగల్లు చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చిన పిల్లలు, చేత ర్యాంకు కార్డును, వెనుక తల్లిదండ్రులను ఉంచుకొని, తమ బ్రదుకును ఏ దారి పట్టించవలెనో నా యెదుట కూర్చుండి తేల్చుకొనుచుండగా చూచితిని. ఆ చూచినది నాలోనే అణగిపోరాదని ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాను.

మనిషికి తగిన పనిని వెదకిపెట్టు విద్య నాకంటె చాల పెద్దది. 1908లో అమెరికా దేశపు బోస్టను నగరమున ఫ్రాంక్ పార్సన్స్ అను నాతడు యువకులకు వృత్తిసలహా నిచ్చు కార్యాలయము నొకదానిని స్థాపించి, తన్ను తాను ఎరుగుట, పనుల లోకమును ఎరుగుట, ఆ రెంటిని వివేకముతో జతపరచుట అను మూడు మెట్లను నిర్దేశించెను. 1970వ దశకారంభమున ప్రిన్స్‌టన్ విద్యాపరీక్షా సంస్థలో మార్టిన్ కాట్జ్ రూపొందించిన ‘సిగి’ యను కంప్యూటరు వ్యవస్థ నా పూర్వీకులలో మాన్యమైనది. ఏ ఉద్యోగము కావలయునని అది విద్యార్థిని తొలుతనే అడుగదు. ఆదాయము, గౌరవము, స్వాతంత్ర్యము, పరోపకారము, భద్రత, తీరిక మొదలగు పది విలువలను ముందు పరచి, వీనిలో ఏది నీకెంత ముఖ్యమో తూచి మార్కులు వేయుమనును. మార్కులు పరిమితములు గనుక ఒకదానికి పెంచినచో మరియొకదానికి తగ్గింపక తప్పదు. అట్లు పెంచుచు తగ్గించుచు ఉండగా, తనకు నిజముగా కావలసినదేదో విద్యార్థికే మెల్లమెల్లగా తెలిసివచ్చును.

ఈ ఊరికి పనిని గూర్చిన కలలు తరమునకొక రీతిగా వచ్చినవి. 1934లో వెలసిన ఆజంజాహి మిల్లులో కొలువు దొరికినవాని యింట ఒకప్పుడు పెండ్లిసంబంధములు వెదకుకొని వచ్చెడివి. అది శాశ్వతమని నమ్మినవారి కన్నులయెదుటనే ఆ మిల్లు మూతపడెను. 1959 అక్టోబరు 10వ తేదీన నెహ్రూ ఇచట ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు శంకుస్థాపన చేసెను. నేటి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ అదియే. నాటినుండి ఇంటింట ‘ఇంజనీరు’ అను మాట పిల్లవాని బారసాలనాడే వినవచ్చుట మొదలైనది. నడుమ ఒక తరము ఉపాధి కల్పనా కార్యాలయమున పేరు నమోదు చేయించుకొని, కార్డును గడువు తీరకుండ రెన్యువలు చేయించుకొనుచు, కాల్‌లెటరు కొరకు యౌవనమంతయు ఎదురుచూచినది. 2015 జులై 20న కేంద్రప్రభుత్వము జాతీయ కెరీర్ సర్వీసు పోర్టలును ప్రారంభించెను. ఆ యేటనే సిద్ధమైన జాతీయ వృత్తుల వర్గీకరణలో సుమారు 3,600 వృత్తులు పేర్కొనబడినవి. ఆ పట్టిక నాలో తెరచి చూపిన దినములు మిక్కిలి అరుదు. నా బల్లయొద్ద వినబడు పేర్లు ఐదారు మాత్రమే: కంప్యూటర్ సైన్సు, డాక్టరు, టీచరు, బ్యాంకు, పోలీసు. మూడువేల ఆరువందల ద్వారములున్న భవనమున పిల్లలందరును ఐదు ద్వారములయొద్దనే త్రొక్కిసలాడుచుండ, ఒంటరిగా చూచుచుండిన నాకు దుఃఖము కలిగెడిది.

ఒకనాడు నర్సంపేట వైపునుండి ఒక మిరపరైతు కుమారుడు వచ్చి, ఎవరో చెప్పిరని అభిరుచి పరీక్ష యొకటి నాలో తెరపించెను. అది జాన్ హాలండ్ అను మనస్తత్వవేత్త 1959లో ప్రతిపాదించిన ఆరు తెరగుల ననుసరించి, చేతిపని, శోధన, కళ, సేవ, నాయకత్వము, కార్యాలయపు క్రమము అను వానిలో నీ మొగ్గు దేనివైపో చెప్పునది. ప్రశ్నలన్నియు ఆంగ్లమున నుండెను. యంత్రసంబంధమైన పనులు నీకిష్టమా యను ప్రశ్నయెదుట అతడు చాలసేపు తడబడి ‘కాదు’ అను గడిని నొక్కెను. మా కేంద్రపు యజమాని వెనుకనుండి చూచి, “తమ్మీ, పొలం కాడ మోటరు కరాబైతే ఇప్పి చూస్తవా?” అని అడిగెను. పిల్లవాని ముఖము వికసించినది. “చూసుడేందన్నా, మా ఊర్ల మోటర్లన్ని నేనే బాగుచేస్త!” అనెను. యజమాని అతని చేతిని పట్టుకొని ఆ జవాబును మార్పించెను. తెరపై ఫలితము తలక్రిందులైనది. ప్రశ్న పిల్లవాని యింటి భాషలో, అతని చేతికి తెలిసిన పనితో అడుగబడనంతకాలము నేనిచ్చు జవాబు అబద్ధమగునని ఆనాడు నాకు బోధపడినది.

ఇక నా ప్రధానమైన పని వెబ్ ఆప్షన్లు. ఇంజనీరింగు ప్రవేశములకును, 2016నుండి ‘దోస్త్’ అను ఆన్‌లైన్ పద్ధతి ద్వారా డిగ్రీ ప్రవేశములకును విద్యార్థులు కళాశాలలను, కోర్సులను తమ కోరిక ననుసరించి వరుసగా నింపవలయును. సీట్లు కేటాయించు యంత్రము మెరిటు క్రమమున ఒక్కొక్కరిని పిలిచి, వారి పట్టికలో మొదటి గడినుండి చూచుచు వచ్చి, వారి కేటగిరీకి సీటు మిగిలియున్న తొలి గడిని వారికిచ్చి అచటనే ఆగును. దుర్లభమైనది పైన వ్రాసినంత మాత్రమున క్రిందిది చేజారదు. కాని సులభమైనది పైన వ్రాసినచో దాని క్రింద నెంత గొప్పది యున్నను యంత్రము కన్నెత్తియైనను చూడదు. అందుచే పట్టికలో వ్రాయవలసినది ఏది వచ్చునను ఊహ కాదు, ఏది కావలయునను కోరిక. ఈ చిన్న ధర్మము తెలియక చెడిన పట్టికలెన్నో నా యెదుటనే తయారైనవి. ఒక సంవత్సరము ఒక పిల్లవానికి బంధువెవరో తన కుమారుని పాతపట్టికను తెచ్చి, ర్యాంకులు దగ్గరగా ఉన్నవి గనుక అదియే చాలునని ఎనుబది ఆప్షన్లును మక్కికి మక్కిగా ఎక్కింపజేసెను. ఆ బాలుడు ప్రక్కన నిలిచి ఒక్క మాటయు పలుకలేదు. రెండేండ్ల పిమ్మట చదువు మానుకొనుటకు దరఖాస్తు ముద్రించుకొన వచ్చినపుడు, “ఆ వరుస నాది కాదన్నా” అని మాత్రము మెల్లగా అనెను. ఆ వరుసను ఫ్రీజు చేసిన మీట నాదే. ఆ మాట నన్ను నేటికిని వదలలేదు.

నిరుటి ఆషాఢమున కొత్తవాడనుండి ఒక జంపఖానాల నేతగాడు తన కుమార్తెతో వచ్చెను. ఓరుగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది; ఆ గుర్తింపు ఆయన వంగిన నడుమును మాత్రము నిలబెట్టలేదు. పిల్ల చేతనున్న నోటుబుక్కు కాగితమున మొదటి వరుసలో ఉస్మానియా సాంకేతిక కళాశాలలోని టెక్స్‌టైల్ టెక్నాలజీ యుండెను. రెండవ వరుసలో ఊరి కళాశాలలోని కంప్యూటర్ సైన్సు. తండ్రి కాగితమును చూచి నిర్ఘాంతపోయెను.

“మళ్ల నూలు పనేనా బిడ్డా? నా నడుము ఇరిగింది సాలదా?”

“మగ్గం మీద కూసునుడు కాదు నాయినా. నిరుడు రంగు దిగుతున్నదని షావుకారి మన ఇరవై జంపఖానలు వాపసు పంపిండు గదా. గా రంగు ఎందుకు దిగుతదో మన వాడల ఎవ్వలకు తెల్వది. అది నేను నేర్చుకుంట.”

యజమాని కుర్చీ జరుపుకొని, దాపరికము లేక చెప్పెను: “కాకా, పైన పెట్టింది దొరికిందంటే కిందిది మిషిను చూడనే చూడది. మంచిగ ఆలోచించుకోండ్రి.”

తండ్రి చాలసేపు నా తెరవైపు చూచెను. ఆయనకు చదువు రాదు. అయినను ఆ రెండు వరుసలలో పైది క్రిందైనచో కూతురి బ్రదుకు వేరగునని ఆయనకు చక్కగా అర్థమైనది. రంగు మరకలు గోళ్లలో ఇంకిపోయిన చూపుడువ్రేలిని మొదటి గడిపై ఆనించి, “గిది మళ్లొక్కపారి చదువు బిడ్డా” అనెను. ఆమె చదివెను. “సరే. గదే ఉండనియ్యి” అని ఆయన వ్రేలిని తీసికొనెను. ఆ వ్రేలి ముద్ర రెండు దినములు నా తెరపై నిలిచియుండెను.

ఎవరు మీట నొక్కినను నేను ఎదురుచెప్పజాలను. ఒకరి కోరికను మరియొకరు వ్రాసినను నాకు భేదము తెలియదు. అందుచే పిల్లల తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను వేడుకొనుచున్నాను: మొదటి గడిలో ఏమి యుండవలెనో ఎనిమిదవ తరగతినాడే పిల్లలను వారి మాటలలోనే అడుగనారంభింపుడు, ఆ మూడువేల ఆరువందల వృత్తులలో కొన్నింటినైనను దగ్గరనుండి చూపింపుడు.

ఆ తండ్రీకూతుళ్లు వచ్చిన నాటినుండి మా యజమాని యొక క్రొత్త పద్ధతి నవలంబించినాడు. ఆప్షన్లకు వచ్చినవారిని నా ముందర వెంటనే కూర్చుండనీయడు. తెల్లకాగితమును, పెన్నును పిల్లల చేతికిచ్చి, బయటి వేపచెట్టు నీడనున్న బల్లపై కూర్చుండబెట్టి, “ఫస్టు నీకేది కావాల్నో నువ్వే రాయి” అనుచున్నాడు. కొందరు క్షణములో వ్రాసి తెత్తురు. కొందరికి పూట పట్టును. అంతవరకును నేను తెర ఆర్పుకొని ఎదురుచూచుచుందును.