ఎర్ర తలపాగా పద్యం: టీకా, తాత్పర్యం, కొంత గొడవ

అవతారిక

ఊళ్లు తిరిగి మనుషుల ముఖాలు తీసే ఫొటోగ్రాఫర్లలో ఒక శాఖవారున్నారు. వీరు ముందు ఫొటో మొత్తాన్ని బ్లాక్ అండ్ వైట్ చేస్తారు. ఆ తర్వాత ప్రాణం ఒప్పక ఒక్క వస్తువుకు మాత్రం రంగు తిరిగి ఇచ్చేస్తారు. రాజస్థాన్‌లో అయితే ఆ వస్తువు తలపాగా. కాశీలో అయితే సాధువు కాషాయం. చిన్నపిల్ల కనబడితే ఎక్కడైనా సరే, కళ్లు. ఈ క్రియకు సెలెక్టివ్ కలర్ అని శాస్త్రనామం. కలర్ పాప్, కలర్ స్ప్లాష్ అనేవి పర్యాయాలు. ఆ శాఖవారిని ఉద్దేశించి పుట్టిన చాటువు ఇది. కర్త ఎవరో తెలియదు. వ్యాఖ్యాతే కర్త అని కిట్టనివాళ్లు అంటారు. వాళ్లకు సమాధానం చెప్పనక్కర్లేదు.

పంచకావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. మూలం దాటి అడుగు వేయడని ఆయనకు పేరు. ఈ వ్యాఖ్యాతకు ఆ నిష్ఠ లేదని ముందే మనవి.

మూలం

తాత ముఖము నలుపు, తలపాగ యెఱ్ఱన
పాప కళ్లు పచ్చ, పలక బూది
రంగు తీసి మరల రవ్వంత పూసితి
వెవరి మెప్పు కోరి యింత పాటు?

టీక

తాత = ముసలివాడు. ఎవరికి తాత? ఫొటో తీసినవాడికి కాదు. కార్తిక పున్నమికి పుష్కర్‌లో జరిగే ఒంటెల సంతలో, తన బేరమేదో తాను చూసుకుంటున్న పరాయి మనిషి. తాతా అని వరస కలిపితే అనుమతి అడిగే పని తప్పుతుందని ఈ శాఖవారి నమ్మకం.

ముఖము నలుపు = ఒంటిరంగు కాదు; నలుపుతెలుపుల్లోకి మార్చిన ముఖం. దీని వెనక ఒక లెక్క ఉంది. టీవీల కాలం నాటి పాత సూత్రం ప్రకారం బూడిదరంగు తేల్చడానికి ఎరుపులోంచి 30 పాళ్లు, ఆకుపచ్చలోంచి 59, నీలంలోంచి 11 తీసుకుంటారు. ఈ పంపకంలో మండిపోయే ఎరుపు కూడా మసకబారుతుంది. “అంత మంచి తలపాగా అలా చచ్చుబడితే చూడలేక రంగు వెనక్కి ఇచ్చాం” అని శాఖవారి సమర్థన. ఇది చెల్లదు. రంగు తీసే చోటే ఎరుపుకని ఒక స్లైడర్ ఉంటుంది. దాన్ని పైకి జరిపితే అదే తలపాగా తెల్లగా తేలుతుంది, ముఖం కూడా కొంత విచ్చుకుంటుంది. కిందికి జరిపితే రెండూ నల్లబడతాయి. ఫిల్మ్ రోజుల్లో ఈ పని లెన్స్ ముందు పెట్టే ఎర్ర ఫిల్టర్ చేసేది. ఇంకా ముందు, ఎరుపు అసలే ఆనని ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ మీద ఎర్రగుడ్డ నల్లగా పడేది. ఎరుపును బూడిదరంగులోనే పలికించే విద్య కెమెరావాళ్లకు ఎప్పటినుంచో ఉంది. కావాల్సింది కాస్త ఓపిక.

తలపాగ యెఱ్ఱన = తలపాగా ఎర్రగా ఉన్నది. రాజస్థాన్‌లో పాగా రంగు, దాన్ని చుట్టిన తీరు ఊరికే రావు. పశువులు కాచే రబారీలకు ఎరుపు, బిష్ణోయిలకు తెలుపు. పైగా ఋతువును బట్టి, ఇంట్లో శుభాశుభాలను బట్టి మార్పులు. ఆ సీమవాడు పాగా చూసి మనిషిది ఏ కులమో, ఏ ప్రాంతమో చెబుతాడు. ఫొటోగ్రాఫర్‌కు మాత్రం “ఎరుపు” అనే ఒక్క ముక్కే అందింది. అందిన ముక్కను పట్టుకుని మిగతాదంతా తుడిచేశాడు.

పాప కళ్లు పచ్చ = ఆకుపచ్చ. పసుపుపచ్చ అని పట్టుబట్టేవారు పాపను వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి, వ్యాఖ్యాత దగ్గరికి కాదు. ఈ పాదానికి మూలపురుషుడు స్టీవ్ మెకరీ. 1984లో పెషావర్ దగ్గర నాసిర్ బాగ్ శరణార్థి శిబిరంలో ఆయన తీసిన అఫ్గాన్ బాలిక ఫొటో 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రమైంది. అప్పటినుంచి ప్రతి ఊళ్లోనూ ప్రతి పిల్ల కళ్లకూ ఈ బెడద. అయితే ఆ ఫొటోను ఒకసారి నిదానంగా చూడండి. కళ్లలో ఉన్న పచ్చదనం వెనక గోడలోనూ ఉంది. దానికి ఎదురు నిలిచే తుప్పెరుపు చిరుగుల శాలువాలో ఉంది. గోడ, శాలువా, కళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి కాబట్టే ఆ చూపు అంత దూరం వస్తుంది. గోడనూ శాలువానూ బూడిద చేసి కళ్లు మాత్రం ఉంచితే మిగిలేది రెండు గోళీలు. ఇంకో సంగతి: 2002లో వెతుక్కుంటూ వెళ్లి పట్టుకునేదాకా ఆ బాలిక పేరేమిటో పత్రికకూ తెలియదు, లోకానికీ తెలియదు. కళ్ల రంగు మాత్రం అందరికీ కంఠస్థం.

పలక బూది = పలక బూడిదరంగులో ఉన్నది. రాతిపలక అసలే ఆ రంగు. ఈ ఒక్కచోట ఎడిటింగ్‌కు శ్రమ లేదు.

రవ్వంత = కొంచెం. “ఎక్కువేం చేయలేదండీ, రవ్వంతే” అని శాఖవారు అంటారు. అసలు చిక్కు రవ్వంతతోనే. ఫొటో అంతా రంగులో ఉంటే కన్ను ఎక్కడైనా తిరుగుతుంది. అంతా నలుపుతెలుపైతే ముఖంలోని వెలుగునీడలు పట్టుకుని తిరుగుతుంది. రవ్వంత ఎరుపు ఉంటే ఇక ఎక్కడికీ పోదు. తాత ముడతలు, చూపు, నోటి మూల విరుపు, అన్నీ ఉన్నా లేనట్టే.

పూసితివి = పూశావు. కుంచెతో కాదు, మాస్క్‌తో. కింద రంగు పొర, పైన నలుపుతెలుపు పొర. తలపాగా ఉన్నంత మేర పైపొరకు చిల్లి. ఎండలో ఎర్రపాగా కట్టుకున్న మనిషిని దగ్గరగా చూడండి. నుదుటి పైభాగాన, చెవి అంచున, నెరిసిన కనుబొమ్మ మీద ఆ ఎరుపు పలచగా పడి ఉంటుంది. మాస్క్ గుడ్డ అంచు దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ పలచటి ఎరుపు మాయమవుతుంది. తలపాగా ఆ తలది కాదన్నట్టు, ఎవరో తెచ్చి అంటించినట్టు కనబడుతుంది. చూసేవాడికి కారణం తెలియదు, ఏదో తేడా మాత్రం కొడుతుంది. ఇక మాస్క్ గీసే ఓపిక కూడా లేనివారు “ఎరుపు ఉంచు, మిగతాది తీసెయ్” అని కెమెరాకే చెబుతారు. కానన్ చిన్న కెమెరాల్లో కలర్ యాక్సెంట్, సోనీలో పార్షియల్ కలర్ అని దానికి మీట ఉంది. ఆజ్ఞ అక్షరాలా అమలవుతుంది. తలపాగాతోపాటు తాంబూలం నమిలిన పెదాలు, వెనకాల ఎవరిదో ప్లాస్టిక్ బకెట్టు కూడా ఎర్రగా మిగులుతాయి. 2018లో గూగుల్ ఫొటోస్ తెచ్చిన కలర్ పాప్‌ది మరో దారి: మనిషిని రంగులో ఉంచి, వెనక ఉన్న ఊరిని బూడిద చేస్తుంది.

ఎవరి మెప్పు కోరి = ఎవరు శభాష్ అనాలని. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. దీని సంగతి విశేషాంశాల్లో.

ఇంత పాటు = ఇంత శ్రమ. రంగున్న లోకంలో రంగున్న మనిషిని రంగుల కెమెరాతో తీసి, రంగు తీసి, మళ్లీ రంగు వేయడం.

తాత్పర్యం

ఓ ఫొటోగ్రాఫరా! ముసలాయన ముఖం నుంచి రంగు లాగేసి పాగాకు వదిలావు. పిల్ల కళ్లకు వదిలి పలకను బూడిదగానే ఉంచావు. దేనికి ఉండాలో దేనికి పోవాలో నువ్వే తేల్చావు. ఇది వాళ్లు అడిగారా, నీ స్నేహితులు అడిగారా?

విశేషాంశాలు

రసవిచారం: భరతుడి నాట్యశాస్త్రం రసాలకు రంగులు చెప్పింది. కరుణకు కపోతవర్ణం, అంటే పావురపు బూడిదరంగు. రౌద్రానికి ఎరుపు. తాత ముఖాన కరుణ పలకాలని శాఖవారు దాన్ని బూడిద చేయడం శాస్త్రసమ్మతమే. నెత్తిమీద రౌద్రాన్ని పెట్టడం మాత్రం భరతుడికి తెలియని ప్రయోగం. ప్రేక్షకుడు జాలిపడాలో జడుసుకోవాలో తేల్చుకోలేడు.

అలంకారం: దగ్గరున్న వస్తువు గుణం తనకు అంటుకోవడం తద్గుణాలంకారం. ఎండలో పాగా ఎరుపు నుదుటికి అంటడం అదే. పక్కనే ఉన్నా గుణం అంటకపోతే అతద్గుణం. మాస్క్ గీశాక మిగిలేది ఇది. ప్రకృతి తద్గుణం ఇచ్చింది, ఎడిటింగ్ దాన్ని అతద్గుణం చేసింది.

ధ్వని: మంచి ముఖచిత్రంలో చెప్పనిది ఎక్కువ. రంగుముక్క “ఇదిగో, ఇటు చూడు” అని వేలు పెట్టి చూపిస్తుంది. ఇక వ్యంగ్యానికి చోటు లేదు, అంతా వాచ్యమే.

పూర్వపక్షం: “స్పీల్‌బర్గ్ చేస్తే కళ, మేం చేస్తే తప్పా?” 1993 నాటి షిండ్లర్స్ లిస్ట్ నలుపుతెలుపు సినిమా. క్రాకోవ్ యూదు వాడను ఖాళీ చేయిస్తున్న దృశ్యంలో ఎర్రకోటు వేసుకున్న ఒక చిన్నపిల్ల నడిచిపోతుంది. 1963లో కురొసావా తీసిన హై అండ్ లో కూడా నలుపుతెలుపే. అందులో ఒక్కచోట పొగగొట్టం నుంచి గులాబీరంగు పొగ లేస్తుంది. అంతకన్నా ముందు 1925లో ఐసెన్‌స్టీన్ బాటిల్‌షిప్ పోటెంకిన్ జెండాకు చేత్తో ఎరుపు వేయించాడు. ఇంతమంది పెద్దలు నడిచిన బాట కాదా ఇది?

సిద్ధాంతం: కాదు. కురొసావా పొగ నేరస్తుడి ఆచూకీ; రంగు లేకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. ఎర్రకోటు సంగతి ఇంకా గట్టిది. లెక్కలోకి రాని జనంలోంచి ఆ ఎరుపు ఒక పిల్లను విడదీసి, ఈమె ఒక మనిషి అని గుర్తు చేస్తుంది. తర్వాత శవాల బండి మీద అదే ఎరుపు కనబడినప్పుడు చచ్చిపోయింది ఎవరో ప్రేక్షకుడికి తెలుస్తుంది. గుంపులోంచి మనిషిని తీసింది ఆ రంగు. తలపాగా రంగు చేసే పని దీనికి తలకిందులు. అక్కడ ముందే ఒక మనిషి ఉన్నాడు, ఒంటరిగా, ఫ్రేమ్ నిండా. రంగు వచ్చి ఆయన్ని తోసేసి గుడ్డను కూర్చోబెడుతుంది.

ఎవరి మెప్పు: 1863లో యోకొహామా చేరిన ఫెలీచే బియాటో జపాను మనుషుల ఫొటోలు తీసి, అక్కడి చిత్రకారులచేత ప్రింట్ల మీద నీటిరంగులు వేయించి అమ్మేవాడు. కొన్నవాళ్లలో విదేశీ యాత్రికులే ఎక్కువ. వాళ్లు ఇంటికి తీసుకెళ్లి చూపించుకోవడానికి ఏ జపాను కావాలో ఆ జపానుకు రంగు పడేది. అది బతుకుతెరువు కాబట్టి ఎవరి మెప్పో దాపరికం లేదు. ఇవాళ్టి శాఖవారికి తెరువు వేరే ఉంది. మెప్పు మాత్రం కావాలి.

మన నేలను ఇద్దరు ఎలా తీశారో చెప్పుకోవాలి. ఆఁరి కార్తియే-బ్రెసోఁ 1947-48లో వచ్చి తీసిన భారతదేశం నలుపుతెలుపు. జైపూర్‌లో పుట్టిన రఘుబీర్ సింగ్ (1942–1999) తీసిన భారతదేశం నిండా రంగు. ఒకరు వదిలితే మొత్తం వదిలారు, ఒకరు పట్టుకుంటే మొత్తం పట్టుకున్నారు. మన మాయాబజార్‌కు 2010లో రంగులద్దినప్పుడు బాగుందన్నవారూ ఉన్నారు, వద్దన్నవారూ ఉన్నారు. కానీ అద్దినవారు మొత్తం అద్దారు. ఘటోత్కచుడి గద ఒక్కటి ఎర్రగా చేసి ఊరుకోలేదు.

పాఠాంతరం: కరిజ్మా ఆల్బమ్ ప్రతుల్లో మొదటి పాదం “పెళ్లివారు బూది, పెళ్లిచీ రెఱ్ఱన” అని ఉంది. మేనమామతో సహా చుట్టాలందరూ బూడిదైపోయి, పెళ్లికూతురి చీర ఒక్కటే మెరుస్తూ ఉండే పేజీని ఆంధ్రలోనూ తెలంగాణలోనూ చూడనివారు తక్కువ. దీన్ని వ్యాఖ్యాత క్షమిస్తున్నాడు. ఆ పేజీని పెళ్లికూతురు చూస్తుంది, వద్దంటే తీయించేస్తుంది, డబ్బు ఆమె తరఫువాళ్లదే. పుష్కర్ తాతకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

మరో పాఠం మన ఇళ్ల గోడల మీదే ఉంది. పోయిన నాయనమ్మ నలుపుతెలుపు ఫొటో, దాని అద్దం మీద నుదుటిచోట కోడలు పెట్టిన కుంకుమ బొట్టు. ఫొటో అంతటికీ అదొక్కటే రంగు. నిర్వచనం ప్రకారం ఇదీ సెలెక్టివ్ కలరే, దోషం మాత్రం లేదు. పెట్టింది ఆమెను ఎరిగిన చెయ్యి. పెట్టింది ఆమె బతికున్నన్నాళ్లూ పెట్టుకున్నదాన్నే. మెచ్చుకోమని ఎవరినీ పిలవలేదు.

ఛందస్సు: ఆటవెలది. యతులు తా–త, పా–ప, రం–ర, ఎ–ఇ. యతి కుదిరింది, రంగే కుదరలేదు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను శ్రద్ధగా చదివినవారికి ఏ ఊరు వెళ్లినా పొద్దుటి వెలుగు దక్కుతుంది. పక్కవారికి వినిపించినవారికి మెమరీ కార్డు చెడదు. ఎగతాళిగా చదివినవారి ఫొటోలో ప్లాస్టిక్ బకెట్టు ఒక్కటే రంగులో మిగులుతుంది. మధ్యస్థంగా చదివినవారికి ఒకటే విన్నపం. పరాయి మనిషి ముఖం తీస్తే రంగుంచితే మొత్తం ఉంచండి, తీస్తే మొత్తం తీయండి. ఒక్క ముక్కే ఉంచాలని మరీ చెయ్యి దురద పుడితే, ఎడిటింగ్‌కు కూర్చోకముందు, అక్కడే, కెమెరా తెర ఆ తాతకు చూపించి ఏది ఉంచమంటారో అడగండి. గుడ్డ ఉంచమని ఆయన అనడు.