135 గ్రాముల తేడా

కోఠిలో పాత కెమెరాలూ లెన్సులూ అమ్మే షాపొకటుంది. యజమాని ఫిల్ము రోజుల నాటి పెద్దాయన. బేరాలు తక్కువ, కబుర్లు ఎక్కువ. నా కెమెరా సెన్సరు తుడవమని ఇచ్చి కూర్చున్నాను. అప్పుడొచ్చారు ఆ దంపతులు.

ఆయన ఆరడుగుల మనిషి. ఆవిడ ఆయన భుజానికి కూడా రాదు. వచ్చీరాగానే బ్యాగు ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూలబడింది.

"ఊళ్లు తిరిగేటప్పుడు పొద్దస్తమానం కెమెరాకే ఉండే లెన్సు కావాలండీ. మాటిమాటికీ మార్చే పని ఉండకూడదు" అన్నాడాయన. కెమెరా కెనాన్ 5డి మార్క్ త్రీ. దానికి 24-105 ఉండనే ఉంది. కానీ ఎఫ్ 4 చాలడం లేదట. 24-70 ఎఫ్ 2.8 కావాలి, అదీ రెండో తరానిది.

కోరిక మరీ కానిదేం కాదు. 4 నుంచి 2.8కి వస్తే వెలుతురు రెట్టింపవుతుంది. చీకటి పడ్డాక బజార్లో మనుషుల్ని తీసేవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది. కదలని రాతి స్తంభాలకైతే, చేతి వణుకును సరిదిద్దే ఐ.ఎస్. ఉన్న ఆ పాత లెన్సే మేలు. ఈ కొత్తదాంట్లో ఐ.ఎస్. లేదు. నన్నెవరూ అడగలేదు కనుక చెప్పలేదు.

పెద్దాయన లెన్సు తీసి బల్ల మీద పెట్టాడు. "మీ దగ్గరున్నది 670 గ్రాములు సార్. ఇది 805. ఫిల్టరు సైజు 77 నుంచి 82 అవుతుంది, అవీ మళ్లీ కొనాలి. మీ కెమెరా బ్యాటరీతో కలిపి 950. అన్నీ కలిస్తే పావు తక్కువ రెండు కిలోలు."

"135 గ్రాములు కూడా ఒక తేడానా? మొన్న గోల్కొండలో బాలాహిస్సార్ దాకా ఎక్కి దిగాను. భుజం నొప్పి అన్న మాటే లేదు! బరువనేది మనం అనుకోవడంలో ఉందండీ."

"ఆ తేడాలో ఇంకో లెన్సే వచ్చేస్తుంది సార్" అంటూ పెద్దాయన సొరుగులోంచి 40 ఎం.ఎం. తీశాడు. అదీ 2.8 లెన్సే. బరువు 130 గ్రాములు, మందం 23 మిల్లీమీటర్లు కూడా లేదు. కెమెరాకి బిగిస్తే మూత పెట్టి వదిలేశారేమో అనిపిస్తుంది. జూమ్ లేదు, నిజమే. కానీ మెడలో వేసుకుంటే ఒంటికి అంటుకుని ఉంటుంది. పొడుగు లెన్సు అలా కాదు, ముక్కు కిందికి వాల్చి అడుగడుగుకీ ఊగుతుంది.

ఆవిడ లేచొచ్చి చేతిలోకి తీసుకుంది. "ఇది బావుందండీ. ఉన్నట్టే లేదు."

"బరువు సంగతి నీకేం తెలుసు, ఊరుకో. ఇంత కెమెరాకి అంత చిన్న లెన్సు పెడితే ఎడమచేతికి పట్టు ఎక్కడుంటుంది? బరువున్నదే కుదురుగా నిలుస్తుంది."

పట్టు విషయంలో ఆయనన్నదీ అబద్ధం కాదు. ఆవిడ మళ్లీ వెళ్లి కూర్చుంది.

పెద్దాయన వాదించలేదు. కెమెరా తీసుకుని 24-70 బిగించి ఆయన చేతికిచ్చాడు. "ఒక్కసారి మెడలో వేసుకుని ఆ చివరిదాకా నడిచి రండి సార్. దుకాణంలో చేత్తో చూసి కొంటారు, ఇంటికెళ్లాక మెడ తిడుతుంది."

ఆయన ఉత్సాహంగా స్ట్రాప్ తలమీంచి వేసుకున్నాడు. చెవుల దగ్గర ఇరుక్కుంది. లాగితే దిగింది గానీ, కెమెరా గొంతుకి జానెడు కిందే ఆగిపోయింది. కంటికి ఆనిద్దామంటే పట్టీ మడతపడి గడ్డానికి అడ్డుపడింది.

"ఎవరు బిగించారిది ఇలా? మొన్న సర్వీసుకిచ్చాను, వాళ్ల పనే అయ్యుంటుంది."

పెద్దాయన కళ్లజోడు సవరించుకుని బకిల్ దగ్గర వేలితో తడిమాడు. "మొన్నటిది కాదు సార్. ఈ మడత దగ్గర పట్టీ బాగా నలిగిపోయి ఉంది. ఏడాది పైమాటే."

"నేనేనండీ" అంది ఆవిడ, బ్యాగు ఒక భుజం మీంచి రెండో భుజానికి మార్చుకుంటూ. "హంపీలో మాతంగ కొండెక్కుతుంటే మెట్టుమెట్టుకీ మోకాలికి తగులుతోందని పైకి లాగి బిగించాను. ఫొటో తీయగానే మళ్లీ నాకే ఇచ్చేస్తారు కదా, మీకు అడ్డం రాదనుకున్నాను."