మరల మావయ్య

పాడైనవాటిని విప్పేవాడు మెకానిక్కు. శుభ్రంగా పనిచేస్తున్నవాటిని విప్పేవాడు మా మరల మావయ్య. మా రాజోలు పక్కనే కాదు, అమలాపురం, కొత్తపేట ఏ వైపు వెళ్లినా ఊరికొకడు ఇలాంటివాడు తగుల్తాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టెస్టరు ఉంటుంది. చుట్టాలింటికెళ్తే ముందు ఫ్యాను వంక, తర్వాతే మనుషుల వంక చూస్తాడు. "కండెన్సరు పోయిందమ్మా. అందరూ కులాసానా?"

ఈ జబ్బుకి గోదావరే కారణమని నా అనుమానం. ఇటు గౌతమి, అటు వసిష్ఠ, మధ్యలో వైనతేయ, ఆపైన సముద్రం. వంతెనల్లేని రోజుల్లో చిన్న బుష్షు కావాలన్నా పంటెక్కి రేవు దాటాలి. దాటడానికి బద్ధకించినవాళ్లు కొబ్బరితాడుతో, సైకిల్ ట్యూబు ముక్కతో లోకాన్ని నడిపించడం నేర్చారు. మావయ్య పదో ఏట వాళ్ల నాన్న రేడియో విప్పి బిగిస్తే నాలుగు మరలు మిగిలాయి. అయినా విజయవాడ స్టేషను పలికింది. ఆ నాలుగూ కంపెనీవాడు దండగకి పెట్టాడని ఆయన నేటికీ నమ్ముతాడు.

2016 డిసెంబరులో, అప్పటిదాకా జీడిపప్పుకే పేరున్న మోరి అనే ఊరికి ఫైబర్ గ్రిడ్ వచ్చింది. తర్వాత మా వీధికీ తీగ లాగారు. గాజు వెంట్రుకలో వెలుతురు పరిగెడుతుందని విన్న మావయ్య ఓ రాత్రి లైట్లార్పి కత్తెర పట్టాడు. వెలుతురు కనబడలేదు. అందులో పోయేవి కంటికి ఆనని పరారుణ కిరణాలని తెలిసేసరికి తీగ రెండు ముక్కలైంది, అత్తయ్యకి సీరియల్ పోయింది. మర్నాడొచ్చిన కుర్రాడు తీగ అతికించి, ఇంటర్నెట్ పెట్టెను మాత్రం విప్పకుండానే ఫోన్లో ఏదో కొట్టి దారిలో పెట్టాడు. ఆ రోజు మావయ్యకి అన్నం సయించలేదు.

"మరల్లేని రిపేరేంట్రా?"

ప్రోగ్రాం అన్నాను. నోరు జారింది.

అరవయ్యో పడిలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలెట్టాడు. 1991లో గైడో వాన్ రోసమ్ అనే డచ్చాయన దాన్ని బయటపెట్టాడనీ, పేరు కొండచిలువది కాదు, మాంటీ పైథాన్ అనే బ్రిటన్ హాస్యగాళ్లదనీ కాఫీ హోటల్లో అందరికీ చెప్పాడు. నాలుగు మరలు తగ్గినా పలికిన రేడియోని ఎరిగినవాడికి, రెండు చుక్కలు తగ్గితే కదలనని మొరాయించే ప్రోగ్రాం అవమానంగా తోచింది. "తెలుగులో దుఃఖానికీ అంతఃపురానికీ తప్ప విసర్గతో పనేంట్రా? ఇక్కడ ప్రతి 'ఇఫ్' చివరా పెట్టాల్ట!"

కోనసీమవాడు మొదటి ప్రోగ్రాం దేని గురించి రాస్తాడు? వరద గురించే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. అంకె కొడితే ఏ హెచ్చరికో చెప్పాలి. మేమంతా చుట్టూ నిలబడ్డాక 18 కొట్టాడు. "మొదటి హెచ్చరిక" అంది. 20 కొట్టాడు. అదే మాట. కొంప మునిగినా మొదటి హెచ్చరిక దాటదు! మావయ్య కీబోర్డు విప్పాడు, దులిపాడు, బిగించాడు. ఒక్క మరా మిగల్లేదు. దాంతో అనుమానం మరీ ఎక్కువైంది.

కాఫీ గ్లాసు పెడుతూ అత్తయ్య తెర వంక చూసింది. "ఏవండీ, పద్దెనిమిదైనా పదకొండు ముప్పావు దాటినట్టే కదా? మొదటి ప్రశ్నకే ఔననేస్తే కింద ప్రశ్నలెవరు అడుగుతారు? క్యారేజీలో పై గిన్నె ముందు దింపాలండీ."

17.75 పైకెక్కింది, 11.75 కిందికి దిగింది. ప్రోగ్రాం చక్కగా పలికింది. అత్తయ్య అప్పటికే వంటింట్లోకి వెళ్లిపోయింది.

నిన్న వెళ్తే మావయ్య ఆ ప్రోగ్రాంలోంచి ఒక్కో వరసా తీసేస్తున్నాడు.

"బాగానే పనిచేస్తోందిగా మావయ్యా?"

"అందుకేరా. ఎన్ని తీసేసినా పలుకుద్దో చూడొద్దూ!"