బొటనవేలు ఆగింది సరే, తర్వాతేంటి?

ఈమధ్య మన తెలుగునాట కొత్తరకం గురువులు పుట్టుకొచ్చారు. వీళ్ళు పాఠాలు చెప్పరు, తప్పులు చెబుతారు. "షార్ట్స్ తీసేవాళ్ళు చేసే ఐదు ఘోరమైన తప్పులు! మూడోది మీరు కూడా చేస్తున్నారు!" అంటూ వేలు మన మొహానికి గురిపెట్టి మొదలుపెడతారు. వెనకాల ఊదారంగు లైటు, పక్కన ప్లాస్టిక్ మొక్క, చేతికి పెద్ద గడియారం. నాలుగు తప్పులు చెప్పేసరికి నిమిషం అయిపోతుంది. ఐదోది కావాలంటే బయోలో లింకు నొక్కాలి. నొక్కితే 99 రూపాయల వెబినార్. దానికి వెళ్తే రెండు గంటలు ఆయనగారి జీవితగాథ. చివర్లో తెలిసేదేమిటంటే అసలు కోర్సు వేరే ఉంది, ఈ రాత్రి పన్నెండు దాటితే దాని రేటు పెరుగుతుంది.

పోనీ ఆ నాలుగైనా నాలుగు విషయాలా అంటే, కాదు. మొదటి మూడు సెకన్లలో చూసేవాడి బొటనవేలు ఆపలేకపోవడం ఒక తప్పు. నెమ్మదిగా మొదలుపెట్టడం ఇంకో తప్పు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకోవడం మరో తప్పు. చివర ఏముందో ముందే బయటపెట్టడం మహాపరాధం. తిప్పి తిప్పి చెప్పేది వేలు ఆపడం గురించే. ఆగిన వేలుకి ఏం చూపించాలన్న ముక్క మాత్రం ఏ గురువు నోటా రాదు. అది సిలబస్‌లో లేదు.

ఈ విద్య ఒంటబట్టిన శిష్యుల పనితనం చూడాలంటే గోంగూర నిల్వపచ్చడి వీడియో ఒక్కటి చాలు. తెరవగానే ఆవిడ తల పట్టుకుని కనిపిస్తుంది. "ఈ ఒక్క తప్పు చేశారంటే పచ్చడంతా పారబోసుకోవాల్సిందే!" వెనకాల ఢామ్మని ఒక చప్పుడు. ఆ వెంటనే ఆకు తుంచే చేతులు, మామూలు కంటే మూడింతల వేగంతో. ఎండుమిరపకాయలు ఎన్నో చెప్పదు. ఇన్ని పడ్డాయని మనం లెక్కేసుకునేలోపు అవి నూనెలో మాడుతుంటాయి. మెంతులు వేయించిందా, పచ్చివే పోసిందా తేల్చుకోవాలంటే వీడియో ఆపి, వెనక్కి లాగి, కళ్ళు చిట్లించాలి. ఉప్పు ఎంతో ఆ పైవాడికే తెలియాలి. దీనికంతటికీ వెనక ఓ సినిమా పాట హోరు. యాభయ్యో సెకనులో ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపుతూ "ఉమ్మ్‌మ్..." అంటుంది. మరి ఆ ఒక్క తప్పు ఏమిటమ్మా అంటే, "పార్ట్ టూలో చెప్తాను ఫ్రెండ్స్, ఫాలో అవ్వండి."

ఆ రహస్యం ఏ ఇంట్లో పెద్దావిడని అడిగినా, పొయ్యి మీద పప్పు కలుపుతూ తలెత్తకుండానే చెబుతుంది. కడిగిన ఆకు తడి లేకుండా ఆరాలి, లేకపోతే బూజు పడుతుంది. అంతే. నాలుగు సెకన్ల మాట. నిమిషం పాటు గోంగూర చుట్టూ ప్రదక్షిణం చేసి కూడా ఆ నాలుగు సెకన్ల మాట నోటి నుంచి జారకుండా కాపాడుకోవడం సామాన్యమైన విద్య కాదు. దానికి కోర్సు కావాల్సిందే, ఒప్పుకుంటాను.

ఇదే విద్య ఇప్పుడు అన్ని వృత్తుల్లోకీ పాకింది. చీరల దుకాణం వాళ్ళు అంచు చూపిస్తారు, కొంగు చూపిస్తారు, బ్లౌజు ముక్క చూపిస్తారు, ధర మాత్రం వాట్సాప్‌లో అడగాలి. బిర్యానీ సమీక్షకుడు ముక్కను క్లోజప్‌లోకి తెచ్చి పొగలు చూపిస్తాడు, హోటల్ ఏ వీధిలో ఉందో చెప్పడు. ప్లాట్లు అమ్మే ఆయన "ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలు" అంటాడు. ఏ వాహనంలోనో అడక్కూడదు.

చిన్న వీడియో అంటే ఇలాగే ఉండాలి, కాలం అలాంటిది, జనానికి ఓపిక లేదు అని గురువులు దబాయిస్తారు. కానీ చిన్న వీడియో ఈనాడు పుట్టింది కాదు. 1895 డిసెంబరు 28న పారిస్‌లో ఒక కెఫే కింది గదిలో లూమియర్ సోదరులు టికెట్టు పెట్టి జనానికి పది చిత్రాలు చూపించారు. ఒక్కొక్కటీ నిమిషం లోపే. ఈనాటి లెక్కలో అన్నీ షార్ట్సే. వాటిలో ఒకదాంట్లో తోటమాలి గొట్టంతో మొక్కలకు నీళ్ళు పెడుతుంటాడు. వెనక నుంచి ఓ కుర్రాడొచ్చి గొట్టం తొక్కుతాడు. నీళ్ళు ఆగుతాయి. ఏమైందా అని తోటమాలి గొట్టం మూతిలోకి తొంగిచూస్తాడు. కుర్రాడు కాలు తీస్తాడు. తర్వాత సంగతి మీకు కనిపిస్తూనే ఉంది. కెమెరా పెట్టినచోట పెట్టినట్టే ఉంటుంది, మాటల్లేవు, పాటల్లేవు. అయినా నూటముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా నవ్వొస్తుంది.

అదే మన గురువు చేతిలో పడితే ఎలా ఉండేదో ఊహించండి. నీళ్ళు మొహం మీద కొట్టే ముక్క ముందుకొస్తుంది. దాని మీద ఎర్ర బాణం, చుట్టూ ఎర్ర వలయం. "ఈ తోటమాలికి జరిగింది చూస్తే కన్నీళ్ళు ఆగవు!" తర్వాత కుర్రాడి కాలు మూడుసార్లు, మూడు కోణాల్లో. ఆ పక్కన ఇంకో పెద్దమనిషి తన మొహాన్ని తెర కిందిభాగంలో అతికించుకుని, చూస్తున్నంతసేపూ నోరు తెరిచి ఉంటాడు. దాన్ని రియాక్షన్ అంటారు. కుర్రాడు కాలు తీసే సమయానికి "మీరైతే ఏం చేసేవారో కామెంట్ చేయండి" అని అక్షరాలు పడి, వీడియో మళ్ళీ మొదటికొస్తుంది.

అంతదూరం ఎందుకు, యూట్యూబ్‌లో వంటలు చేసి చూపించిన మన మస్తానమ్మ గారు ఉండేవారు. నూరేళ్ళు పైబడిన వయసులో ఆరుబయట కట్టెలపొయ్యి ముందు కూర్చుని, గోళ్ళతోనే తొక్క తీసి, పుచ్చకాయలో కోడి వండి ప్రపంచాన్ని తన పొయ్యి దగ్గరికి రప్పించుకున్నారు. ఆవిడ కెమెరా వైపు వేలు చూపించి ఎవరినీ బెదిరించినట్టు గుర్తు లేదు. ఆవిడవి చిన్న వీడియోలు కావు, నిజమే. కానీ ఓపిక లేదంటున్న ఈ జనమే అవి కూర్చుని చూశారు.

టిక్‌టాక్ రోజులనీ నేను చిన్నచూపు చూడను. 2020 జూన్ 29న దాన్ని నిషేధించేదాకా పొలం గట్ల మీద, మేస్త్రీ పనుల మధ్య, వంటింటి గడపలో జనం ఎవరికి తోచింది వాళ్ళు తీసుకున్నారు. చెత్త ఉండేది, బోలెడు ఉండేది. కానీ ఎవరి చెత్త వాళ్ళదే. నిషేధం పడ్డ కొద్దిరోజులకే రీల్స్ వచ్చింది, సెప్టెంబరులో షార్ట్స్ వచ్చింది, వాటి వెనకే గురువులొచ్చారు. ఇప్పుడు శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అందరూ ఒకే చోట ఊపిరి బిగబట్టి, ఒకే చోట "కానీ ట్విస్ట్ ఏంటంటే" అంటున్నారు.

ఇంత కష్టపడితే వచ్చేదేమిటంటే, వ్యూస్. "అన్నా, రెండు లక్షలొచ్చాయి" అని కుర్రాడు ఫోను చూపిస్తాడు. కాదనను. అయితే 2025 మార్చి 31 నుంచి యూట్యూబ్ షార్ట్స్‌కి లెక్క మార్చింది. వీడియో మొదలైతే చాలు ఒక వ్యూ, మళ్ళీ తిరిగితే మరో వ్యూ. ఇన్ని సెకన్లు చూడాలన్న నియమం లేదు. అంటే చూడకుండా పైకి తోసేసిన వేలు కూడా ఒక వ్యూ ఇచ్చే పోతుంది. డబ్బుల లెక్క దగ్గర మాత్రం యూట్యూబ్ ఈ అంకె జోలికే రాదు, నిజంగా ఆగి చూసినవాటిని వేరే లెక్కేస్తుంది. మన గురువు తన గోడకి తగిలించుకునేది మొదటి అంకె. బ్యాంకుకి వెళ్ళేది రెండోదాని ఫలితం.

ఇంకో సలహా కూడా ప్రతి గురువూ ఇస్తాడు. ట్రెండింగ్ పాట వెనకాల వేయండి, వేయకపోతే అది పెద్ద తప్పు. వేశారనుకోండి. షార్ట్స్ ప్రకటనల డబ్బులో మీ వీడియో వంతుగా లెక్కకొచ్చినదాంట్లో ఒక పాటకైతే సగం, రెండు పాటలకైతే మూడింట రెండు వంతులు సంగీతం ఖాతాకి పోతాయి. మిగిలింది సృష్టికర్తల నిధిలో చేరి, అందులో మీ వాటాకొచ్చినదాంట్లో 45 శాతం మీ చేతికొస్తుంది. షార్ట్స్ మాత్రమే తీసేవాళ్ళకైతే అదైనా వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, తొంభై రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ అనే గడప దాటాకే. గోంగూర మీద పాట వేసినావిడకి ఈ సంగతి ఎవరైనా చెప్పారో లేదో.

న్యాయంగా చెప్పాలంటే గురువులు పొరపాటున ఒకటి రెండు మంచి ముక్కలు కూడా అంటారు. తెర కింద అక్షరాలు పెడితే అవి వీడియో పేరు వెనక దాక్కుంటాయి, కుడివైపు పెడితే లైకు బొమ్మల కింద పడతాయి అన్నది నిజం. శబ్దం బాగుండాలన్నదీ నిజమే. అందుకే అందరూ మైకు కొన్నారు. కొని, చొక్కా కాలరుకి తగిలించుకోవాల్సిన ఆ చిన్న ముక్కని విభూతి చిటికెలా రెండువేళ్ళ మధ్య పట్టుకుని నోటి ముందు పెట్టుకుంటున్నారు. అక్షరాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎడిటింగ్ యాప్‌లో తెలుగు టైపు చేస్తే ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడి కొత్తిమీర రెండు ముక్కలవుతుంది. వీడియో ఎక్కించేముందు ఒక్కసారి చదువుకుంటే కనపడే తప్పు. ఏ జాబితాలోనూ ఇది లేదు, ఎందుకంటే దీనివల్ల వేలు ఆగదు, కదలదు.

జాబితాలో లేని తప్పులు ఇంకా ఉన్నాయి. పట్టాల మీద నిలబడి, వెనక రైలొస్తుండగా తల దువ్వుకునేవాడికి హుక్, అంటే వేలు ఆపే ఆరంభం, అదిరిపోయిందని గురువు మార్కులేస్తాడు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ఆరు నెలల దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో వేస్తానంటుంది. అది కూడా రైలు వదిలిపెడితేనే. బెట్టింగ్ యాప్‌కి నవ్వుతూ ప్రచారం చేసినందుకు 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు సినిమా నటుల మీద, యూట్యూబర్ల మీద కేసులు పెట్టారు. అదే ఏడు ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. డబ్బులు తీసుకుని ఫేస్ క్రీము పొగిడేటప్పుడు ఇది ప్రకటన అని కనిపించేలా చెప్పాలన్న నియమమూ ఉంది. చెప్పరు. "నేను రోజూ ఇదే వాడతాను" అంటారు. ఆ వారంలోనే మూడు రకాలు రోజూ వాడతారు.

వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది దానధర్మాల వీడియో. ఫుట్‌పాత్ మీద ఓ ముసలాయన గోడకి ఆనుకుని ఉంటాడు. ఒక కుర్రాడు బిర్యానీ పొట్లంతో వచ్చి ముందు మోకాళ్ళ మీద కూర్చుంటాడు, కింది కోణం నుంచి తీస్తే బాగుంటుందని. ఆయన చెయ్యి చాస్తాడు. పొట్లం ఆ చేతికి అందదు, జానెడు దూరంలో ఆగుతుంది, ఎందుకంటే కెమెరా పట్టినవాడికి ఫోకస్ కుదరలేదు. "తాతా, ఒక్కసారి చెయ్యి దించి మళ్ళీ చాపు." ఆయన దించుతాడు. మళ్ళీ చాస్తాడు. ఈసారి దొరుకుతుంది. దండం పెట్టమని సైగ చేస్తారు. పెడతాడు. వయొలిన్ మోగుతుంది. ఆ మొహం లక్షమంది ఫోన్లలో తిరుగుతుందని, అందులో ఆయన ఊరివాళ్ళు, ఒకప్పుడు ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు ఉండొచ్చని అడిగే దిక్కు లేదు. నూటయాభై రూపాయల పొట్లానికి ఆయన మొహం అమ్ముడుపోయింది, రశీదు కూడా లేదు. గురువుగారి దృష్టిలో ఇక్కడ జరిగిన తప్పు ఒకటే. మొదటి టేకు వీడియోలో ఉంచేశారు, ఎడిటింగ్‌లో తీసేయాల్సింది.

ఇన్ని పాటించినా వీడియో లేవకపోతే ఏం చేయాలంటారా? దానికీ జవాబుంది, క్రమశిక్షణ లేదట. రోజుకొకటి చాలదు, మూడు పెట్టాలి. మూడూ తీసే తీరిక లేకపోతే ఏఐతో పది చేయించాలి. గొంతు యంత్రానిది, బొమ్మలు యంత్రానివి, మాటలు యంత్రానివి. "మొహం చూపించకుండా నెలకు లక్ష" అని దీనిమీద పెద్ద కోర్సే నడిచింది. మనవాళ్ళు పుస్తెలు తాకట్టు పెట్టకపోయినా, ఈఎంఐలో ఫోను కొని మరీ చేరారు. హనుమంతుడి కథ నుంచి షుగర్‌కి చిట్కా దాకా అంతా ఒకే గొంతు, పొల్లుల దగ్గర తడబడుతూ.

2025 జులై 15న యూట్యూబ్ తన పాత నిబంధనకే పేరు మార్చి, అచ్చులో పోసినట్టు గుంపులుగా తయారుచేసే వీడియోలకి డబ్బులు ఉండవని మరోసారి గట్టిగా చెప్పింది. గురువుగారు ఒక్క రోజు కూడా దిగులుపడలేదు. అదే ఊదారంగు లైటు ముందు కొత్త తరగతి మొదలుపెట్టారు. రోజుకు పది ఏఐ వీడియోలు పెట్టి మానిటైజేషన్ పోగొట్టుకున్నవాళ్ళు చేసిన తప్పులు దాని పాఠ్యాంశం. ఫీజు పాతదానికంటే ఎక్కువే, పాత విద్యార్థులకి మాత్రం రాయితీ ఉందట.